మలీదకు తాళం వేయకండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగారు. పూర్వ విద్యార్థులం కలం పట్టామంటే క్రమశిక్షణ, పట్టుదల అంటూ మొదలుపెడతాం. ఈసారి నేను ఒక తిండి సంగతి రాస్తున్నాను. చిన్న విషయమని పేజీ తిప్పేయకండి, ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది.

ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. దసరా సెలవులు అయిపోయి హాస్టల్‌కు తిరిగొచ్చే ముందు రాత్రి మా అవ్వ మలీద చేసింది. తెలంగాణలో బతుకమ్మ పండుగకూ పీర్ల పండుగకూ మలీద చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇతర ప్రాంతాల తమ్ముళ్ల కోసం కొంచెం చెబుతాను. సజ్జలు ఇసుర్రాయిలో ఇసిరి, వేడినీళ్లతో పిండి కలిపి, రొట్టెలు తట్టి పెంక మీద కాల్చాలి. సజ్జ రొట్టెకు గోధుమ రొట్టెలా సాగే గుణం లేదు, అందుకే వేడి మీద ఇట్టే నలుగుతుంది. అలా నలిపి, దంచిన బెల్లం కలిపి ముద్దలు కట్టాలి. కిలో పిండికి ముప్పావు కిలో బెల్లం మా ఇంటి లెక్క. నెయ్యి, ఇలాచి ఉంటే వేస్తారు. మా ఇంట్లో నెయ్యి ఎక్కడిది? నువ్వులు మాత్రం వేసేది. పొద్దంతా కూలికి పోయి వచ్చి, దుకాణంలో ఉద్దెర తెచ్చిన బెల్లంతో చేసిందని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే ఇంతకాలం గుర్తుంది.

హాస్టల్‌కు వచ్చాక పక్క ట్రంకు పెట్టె వాడు బేకరీ డబ్బా తీశాడు. తెల్లటి పాలకోవా, పైన మెరిసే కాగితం. నా స్టీలు డబ్బాలో నల్లగా, గరుకుగా మలీద ముద్దలు. "నువ్వేం తెచ్చినవ్‌రా?" అన్నారు. "ఏం తేలే" అన్నాను. పెట్టెకు తాళం వేశాను. రాత్రిపూట దొంగచాటుగా ఒకటి రెండు తిన్నాను గానీ మిగతావి అలాగే ఉండిపోయాయి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. అరిసెలు దాచుకుంటే నెల రోజులైనా ఉంటాయి. సజ్జకు ఆగే ఓపిక లేదు. పిండి చేసిన కొన్నాళ్లకే చేదెక్కుతుంది. అందుకే మా ఇళ్లలో ఎప్పటికప్పుడు ఇసురుకుంటారు. మలీద అంటే ఆ రెండు మూడు రోజుల్లో నలుగురూ కూర్చుని తినాల్సిందే. నేను దాచాను, అది చేదైపోయింది. ఒక రాత్రి గోడ వెనక పారబోశాను.

తర్వాతి ఆదివారం అవ్వ చూడటానికి వచ్చింది. "మంచిగున్నదా బిడ్డా? దోస్తులకు పెట్టినవా?" అంది. "అందరు మస్తుగ తిన్నరు" అన్నాను. ఖాళీ డబ్బా చూసి ఎంత సంబరపడిందో!

ఇప్పుడు అవే సజ్జలు, జొన్నలు, కొర్రలకు సిరిధాన్యాలని పేరు వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పట్నంలో సజ్జ లడ్డూలు అందమైన డబ్బాలో పెట్టి అమ్ముతుంటే చూసి నాకు నవ్వొచ్చింది, కడుపులో కలుక్కుమంది కూడా. మన తల్లుల తిండికి పట్నం వాళ్లు రంగు కాగితం చుట్టాక గానీ మనకు విలువ తెలియకపోతే ఎలా?

అందుకే నా అభిప్రాయం ఒకటే. కిందటిసారి పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని పెద్ద కేకు కోయించాం. కేకు మీద నాకు కోపం లేదు, నేనూ రెండు ముక్కలు తిన్నాను. కానీ ఈసారి ఆ డబ్బుతో సజ్జలు, బెల్లం, నువ్వులు కొందాం. ఇంటి తిండి బయట నుంచి తెస్తే పిల్లలకు ఏమైనా అవుతుందని వార్డెన్ సార్లు భయపడటం తప్పు కాదు, జవాబు చెప్పాల్సింది వాళ్లే. కాబట్టి మన వంటశాలలోనే, మన పొయ్యి మీదే చేద్దాం. చేయి తిరిగిన తల్లులను పిలుద్దాం. వాళ్లను పొయ్యి దగ్గరే వదిలేయకుండా సభలో ముందు వరుస కుర్చీల్లో కూర్చోబెడదాం. రొట్టె తట్టడం వాళ్లు నేర్పితే నలిపే పని మగపిల్లలమే చేద్దాం. సెలవులకు పోవడానికి ఇల్లు లేని తమ్ముళ్లు, తల్లి లేని తమ్ముళ్లు ప్రతి హాస్టల్లో ఉంటారు. పండుగ తర్వాత అందరూ డబ్బాలు విప్పుతుంటే వాళ్లు నల్లా దగ్గరికి వెళ్లి పనిలేకున్నా పళ్లెం కడుగుతూ నిలబడటం నేను చూశాను. అందరం ఒకే గంగాళంలోంచి తింటే ఆ రోజు ఎవరి డబ్బా అనే ప్రశ్నే రాదు.

మా అవ్వకు ఇప్పుడు చేతులు సరిగా ఆడవు. అయినా వచ్చి పక్కన కూర్చుని చెబుతానంది. ఆ గోడ వెనక సంగతి ఆమెకు నేటికీ తెలియదు. ఆమెకు చదువు రాదు, సంచిక అచ్చయ్యాక నేనే చదివి వినిపించాలి.

పది కిలోల బెల్లం నా వంతు. సజ్జలు ఎవరు తెస్తారో చెప్పండి.