కంపైలరుకూ ఒక మితి ఉండాలి

నేటి యుగం కంప్యూటర్ యుగమని తరచు వింటూ ఉంటాం. అయితే కంప్యూటర్ వేగాన్ని కొనియాడే మనం, ఆ వేగం వెనుకనున్న శ్రమను గూర్చి అంతగా ఆలోచించం. మనం వ్రాసిన ప్రోగ్రామును యంత్రానికి బోధపడే ఆదేశాలుగా మార్చే సాధనమే కంపైలర్. 1957లో జాన్ బేకస్ బృందం ఐ.బి.ఎం. సంస్థలో ఫోర్ట్రాన్ కంపైలరును వెలువరించిన నాటినుండి, కంపైలర్ కేవలం అనువాదకుడు కాదు; యంత్రంచేత త్వరగా పనిచేయించే నేర్పరి కూడ.

ఆ నేర్పులో ఒక భాగం ఆదేశాల వరుసను దిద్దటం. మెమరీనుండి ఒక సంఖ్య రావటానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ సంఖ్యతో నిమిత్తంలేని మరొక పనిని ఆ వ్యవధిలో చేయిస్తే కాలం వృథా కాదు. ఎసరు మరిగేలోగా కూర తరుగుకొనే ఇల్లాలి నేర్పు వంటిదే ఇది.

కాని ఏ వరుస ఉత్తమమో తేల్చటం సులభం కాదు. ఒకదానిపై ఒకటి ఆధారపడని 10 ఆదేశాలను 36,28,800 విధాల అమర్చవచ్చు. 20 ఆదేశాలకు ఆ సంఖ్య 19 అంకెలది! ఇది అతి కఠినమైన గణిత సమస్యల కోవకు చెందినదని 1983లో జాన్ హెన్నెసీ, థామస్ గ్రాస్ నిరూపించారు. అందుచేత కంపైలర్లు సర్వోత్తమాన్ని వెదకక, సిద్ధంగా ఉన్న ఆదేశాలలో మేలైనదానిని ఎంచుకొంటూ పోతాయి. అయినా కష్టం తీరదు. ఏది దేనిపై ఆధారపడినదో జంటలుగా పోల్చి చూస్తే 100 ఆదేశాలకు 4,950 పోలికలు. 10,000 ఆదేశాలకు దాదాపు 5 కోట్లు. ఒక ప్రోగ్రాము పుట్టించే మరొక ప్రోగ్రాములో ఇంతటి దీర్ఘమైన భాగాలు అరుదు కావు.

1987లో తొలిసారి విడుదలైన జి.సి.సి. కంపైలర్ ఇందుకు చేసిన ఏర్పాటు గమనింపదగినది. పలు ఖండాలను కలిపి దిద్దేటపుడు, మనం వేరుగా చెప్పనంతవరకు, 10 ఖండాలకు, 100 ఆదేశాలకు మించిన ప్రాంతాన్ని అది చేపట్టదు. మెమరీని తాకే ఆదేశాల జాబితా కూడ ఒక మితి దాటితే, దానిని అక్కడితో మూసి మరల మొదలుపెడుతుంది. ఇందువల్ల ఫలితంలో తప్పు రాదు. కొంత వేగం మాత్రమే చేజారవచ్చు.

“కంపైల్ చేసేది ఒకసారి, నడిపేది లక్షసార్లు, కాలమెంతైతేనేమి?” అని కొందరంటారు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. కాని ప్రోగ్రామును నిర్మించేవాడు దానిని రోజుకు పలుమార్లు కంపైల్ చేస్తాడు. మెమరీ చాలక ఆ పని నడుమ ఆగిపోతే, వేగం మాట అటుంచి ప్రోగ్రామే ఉండదు. పరీక్షలో మొదటి జవాబునే చెక్కుతూ కూర్చున్న విద్యార్థి పొందే ఫలం మనకు తెలియనిది కాదు.

అయితే ఆ మితి గడియారంతో గాక లెక్కతో ఉండాలని నా అభిప్రాయం. ఇన్ని క్షణాలని నియమిస్తే, ఒకే ప్రోగ్రాము వేగవంతమైన యంత్రంపై ఒక రూపం, పాత యంత్రంపై వేరొక రూపం దాలుస్తుంది. దోషాన్ని వెదకేవానికి దిక్కు తోచదు. ఇన్ని ఆదేశాలని నియమిస్తే అంతటా ఫలితం ఒక్కటే. ఆ మితిని దాచక ప్రకటించాలి. అవసరమైనవారు పెంచుకొనే వీలూ ఉండాలి.

ఆలస్యం అమృతం విషమన్నారు పెద్దలు. ఎక్కడ ఆగాలో తెలియటం కూడ నేర్పులో భాగమే.