నేరేడు రసం సీసాలో చక్కెర ఎంత?

కొంతకాలం క్రితం జూన్ మాసంలో, స్వయం సహాయక సంఘాల మహిళలకు నేరేడు పండ్లతో ఆర్.టి.ఎస్. పానీయం తయారీపై శిక్షణ ఇస్తుండగా ఒక సభ్యురాలు ఇలా అడిగారు: “మేడమ్, నేరేడు షుగరుకు మంచిదంటారు గదా! మా ఆయనకు రోజూ ఒక సీసా ఇవ్వవచ్చా?” అప్పటికే లీటరుకు వంద గ్రాముల చొప్పున పంచదార కలిపించిన నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. తక్కువ కేలరీల పానీయాల గురించి మనం ఇస్తున్న సలహాలను, నేర్పుతున్న పద్ధతులను పునఃపరిశీలించుకోవాలని ఆ ప్రశ్న నాకు గుర్తుచేసింది.

మన ఆహార ప్రమాణాల ప్రకారం ఆర్.టి.ఎస్. పానీయంలో పండ్ల రసం కనీసం 10 శాతం (నిమ్మకైతే 5 శాతం), మొత్తం కరిగే ఘనపదార్థాలు కనీసం 10 శాతం ఉండాలి. ఈ ఘనపదార్థాలలో అత్యధిక భాగం చక్కెరే. అందులోనూ ఎక్కువ భాగం మనం కలిపినదే. 12 బ్రిక్స్ వద్ద తయారుచేసిన 200 మి.లీ. సీసాలో 20 గ్రాములకు పైగా చక్కెర, 80 కిలో కేలరీలకు పైగా శక్తి ఉంటాయి. కోలా పానీయాలలోనూ 100 మి.లీ.కి చక్కెర 10 నుండి 11 గ్రాములే. అంటే పేరు, రంగు మారాయి గాని చక్కెర మోతాదు మారలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం విడి చక్కెరల నుండి లభించే శక్తి రోజువారీ మొత్తంలో 10 శాతానికి మించరాదు. 5 శాతానికి, అనగా సుమారు 25 గ్రాములకు, తగ్గిస్తే మరింత మేలు. పండ్ల రసంలోని చక్కెర, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి. దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతోను, 13.6 కోట్ల మంది దాని ముందస్తు దశలోను ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఈ స్థితిలో ఆ సీసాను ఆరోగ్య పానీయమని చెప్పడం శాస్త్రసమ్మతం కాదు.

పంచదారకు బదులు సుక్రలోజ్ లేదా స్టీవియా వాడితే సరిపోతుందని కొందరి అభిప్రాయం. అనుమతించిన పరిమితిలో వీటి వాడకం చట్టసమ్మతమే. అయితే బరువు నియంత్రణకు చక్కెరేతర తీపి పదార్థాలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. మొక్క నుండి లభించే స్టీవియాను కూడా అందులో చేర్చింది. ఇది షరతులతో కూడిన సూచన; ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదు. అయినా పల్లెలోని పిల్లలకు, యువతకు తీపి మీద మక్కువ తగ్గించకుండా తీపి వస్తువును మాత్రమే మార్చడం విస్తరణ విద్య లక్ష్యం కాజాలదు.

నిజానికి కృత్రిమ తీపి అవసరం లేని తక్కువ కేలరీల పానీయం మన ఇళ్ళలోనే ఉంది. 100 మి.లీ. మజ్జిగలో ఉండే శక్తి సుమారు 15 కిలో కేలరీలు. 100 మి.లీ.కి 20 కిలో కేలరీలు మించని ద్రవాన్నే ‘తక్కువ కేలరీల’ పానీయంగా పేర్కొనడానికి మన నిబంధనలు అనుమతిస్తాయి. ఆ కొలతకు మజ్జిగ సహజంగానే సరిపోతుంది. అల్లం, కరివేపాకు, కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి చేర్చితే తీపి లోటు తెలియదు. పంచదార వేయని నిమ్మరసం నీళ్ళు, జీలకర్ర నీళ్ళు, నానబెట్టిన సబ్జా గింజలు వేసిన నీళ్ళు కూడా ఈ కోవలోనివే. రక్తపోటు ఉన్నవారు వీటిలో ఉప్పు తగ్గించుకోవాలి. మజ్జిగ కలిపిన రాగి అంబలి మంచిదే గాని, దానిని పానీయంగా గాక ఆహారంగా లెక్కించాలి.

‘సహజం’ అన్న మాట ఒక్కటే కొలమానం కారాదు. చెరకు రసం, నీరా సహజమైనవే అయినా వాటిలో చక్కెర సాధారణంగా 10 శాతానికి పైనే. తాటిబెల్లం కలిపినా కేలరీలు పంచదారకు దాదాపు సమానమే.

మజ్జిగ ఎండలో త్వరగా పులుస్తుందని, శీతల సదుపాయం లేని సంఘాలకు నిల్వ ఉండే ఆర్.టి.ఎస్. పానీయమే ఆదాయాన్నిస్తుందని ఒక అభ్యంతరం ఉంది. అది సహేతుకమే. నేను ఆర్.టి.ఎస్. శిక్షణలను మానమనడం లేదు. దానిని ఆరోగ్య పానీయంగా ప్రచారం చేయడం మానాలంటున్నాను. తక్కువ ఖర్చుతో, శుభ్రమైన నీటితో మజ్జిగను ఎక్కువ గంటలు నిల్వ ఉంచే పద్ధతులపై మన పరిశోధన మరింత దృష్టి పెట్టాలి.

విద్యార్థులకు ఒక సూచన. పానీయాలపై ప్రయోగాలలో తొమ్మిది పాయింట్ల హెడోనిక్ స్కేలుపై అధిక మార్కులు పొందిన నమూనానే ఉత్తమమని నిర్ణయిస్తున్నాం. రుచి చూసేవారు తీపి వైపు మొగ్గడం సహజం. కాబట్టి రుచి మార్కుల పక్కనే 200 మి.లీ.కి ఎంత చక్కెర ఉందో కూడా నమోదు చేయండి. శిక్షకులు పంచదారను కొలిచి చూపిన తర్వాతనే కలిపించాలి. మన సమావేశాలలో, రైతు శిక్షణలలో అతిథులకు శీతల పానీయాల బదులు మజ్జిగ ఇవ్వడం మనతోనే మొదలు కావాలి.

ఆ సోదరి మళ్ళీ అడిగితే నా సమాధానం ఇప్పుడు సిద్ధంగా ఉంది: “సీసా వద్దమ్మా. కాలంలో దొరికే నేరేడు పండ్లను మితంగా పండుగానే పెట్టండి. దాహానికి పలుచని మజ్జిగ ఇవ్వండి. మందుల విషయం డాక్టరు గారు చెప్పినట్లే చేయండి.”