క్యాన్సర్ రొమ్ములో ఉంటే గుండెకు ఎకో ఎందుకు? మందుల సైడ్ ఎఫెక్ట్స్ గుట్టు విప్పుతున్న ‘ప్రొటీన్ మ్యాప్’

రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ అనే మందు వాడుతున్నవాళ్లకు డాక్టర్లు మధ్యమధ్యలో ఎకో పరీక్ష రాస్తుంటారు. క్యాన్సర్ రొమ్ములో ఉంటే గుండెకు టెస్ట్ ఎందుకు? చాలా కుటుంబాలకు వచ్చే అనుమానమే ఇది. జవాబు హెర్-2 అనే ఒక్క ప్రొటీన్‌లో ఉంది.

రొమ్ము క్యాన్సర్ పేషెంట్లలో సుమారు 15 నుంచి 20 శాతం మందికి క్యాన్సర్ కణాల మీద ఈ ప్రొటీన్ విపరీతంగా పెరిగిపోతుంది. ట్రాస్టుజుమాబ్ దాన్నే పట్టుకుని అడ్డుకుంటుంది. అయితే అదే హెర్-2 గుండె కండరంలోనూ కొద్దిగా ఉంటుంది. అక్కడ దాని పని దానికుంది. ఆ పనికి అడ్డుపడితే కొందరిలో గుండె పంపింగ్ తగ్గుతుంది. అందుకే ఎకో.

మరి ఏ ప్రొటీన్ శరీరంలో ఎక్కడెక్కడ ఉందో ముందే తెలిస్తే? ఆ లెక్క తేల్చడానికి రెండు దశాబ్దాలకు పైగా సాగుతున్న ప్రాజెక్టే హ్యూమన్ ప్రొటీన్ అట్లాస్.

అసలు ఏంటీ అట్లాస్?

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉండేది ఒకే జీన్స్ సెట్. వాటిలో ప్రొటీన్లు తయారు చేయించేవి సుమారు 20 వేలు. కానీ కాలేయంలో పనిచేసే జీన్స్ అన్నీ మెదడులో పనిచేయవు. ఎక్కడ ఏవి పనిచేస్తున్నాయో చూడటానికి 2003లో స్వీడన్‌లో మథియాస్ ఉలేన్ నాయకత్వంలో ఈ ప్రాజెక్టు మొదలైంది. నిధులు వాలెన్‌బర్గ్ ఫౌండేషన్ ఇచ్చింది.

చేసే పని వినడానికి సింపులే. అవయవాల నుంచి తీసిన పల్చటి ముక్కల మీద ఒక్కో ప్రొటీన్‌ను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీ వేస్తారు. ప్రొటీన్ ఉన్నచోట గోధుమ రంగు వస్తుంది. ఆ ఫొటోలను పాథాలజిస్టులు చూసి ఎక్కడ ఎంత ఉందో రాస్తారు. ఇందులో మన దేశం పాత్ర కూడా ఉంది. ఆ ఫొటోలను పరిశీలించిన పాథాలజిస్టుల టీమ్ ముంబైలోనే పనిచేసింది.

2015 జనవరిలో సైన్స్ జర్నల్‌లో వచ్చిన మ్యాప్‌లో 1.3 కోట్లకు పైగా ఫొటోలున్నాయి. దాదాపు సగం జీన్స్ అన్ని అవయవాల్లోనూ పనిచేస్తున్నాయని తేలింది. ప్రత్యేకమైన ప్రొటీన్లు ఎక్కువగా కనిపించింది వృషణాల్లో, ఆ తర్వాత మెదడులో. డేటా మొత్తం ఎవరైనా ఫ్రీగా చూసుకోవచ్చు.

పేషెంట్‌కు ఒరిగేదేంటి?

ఆ స్టడీలో బయటపడిన ఒక విషయం మాత్రం అందరికీ సంబంధించింది. ఆమోదం పొందిన మందులు టార్గెట్ చేసే ప్రొటీన్లలో దాదాపు 30 శాతం శరీరమంతా ఉన్నాయి. అంటే మందు ఒకచోట పనిచేయాలని ఇస్తే, అన్నిచోట్లా తగులుతుంది. కొన్ని సైడ్ ఎఫెక్ట్స్‌కు ఇదే కారణం కావచ్చన్నది సైంటిస్టుల మాట.

మందు ఎంత పవర్‌ఫుల్ అయితే ముప్పు అంత ఎక్కువ. 2010లో అమెరికా నుంచి వచ్చిన ఒక కేసు దీనికి ఉదాహరణ. పేగు క్యాన్సర్ ముదిరిన మహిళకు హెర్-2ను వేటాడేలా మార్చిన రోగనిరోధక కణాలు ఎక్కించారు. 15 నిమిషాల్లోనే ఊపిరాడలేదు. ఐదు రోజులకు ఆమె చనిపోయింది. ఊపిరితిత్తుల కణాల మీద అతి తక్కువగా ఉన్న హెర్-2ను కూడా ఆ కణాలు గుర్తుపట్టి ఉంటాయని డాక్టర్లు అంచనా వేశారు. కొద్దిగా ఉండటానికి, అసలు లేకపోవడానికి ఉన్న తేడా ఒక ప్రాణం ఖరీదు.

మ్యాప్‌ను గుడ్డిగా నమ్మొచ్చా?

నమ్మకూడదనే అనుభవం చెబుతోంది. 2014 మే నెలలో నేచర్ జర్నల్‌లో రెండు ప్రొటీన్ మ్యాప్‌లు ఒకేసారి వచ్చాయి. ఒకటి జర్మనీలోని మ్యూనిక్ టీమ్‌ది. రెండోది బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మేటిక్స్, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ కలిసి చేసింది. రెండోదాంట్లో 17,294 జీన్స్‌కు సంబంధించిన ప్రొటీన్లు దొరికాయని ప్రకటించారు. ఆ తర్వాత కొద్ది నెలలకే వేరే టీమ్ తప్పు పట్టింది. ముక్కు కణజాలం శాంపిల్సే లేనప్పుడు, వాసన పసిగట్టే ప్రొటీన్లు లిస్టులోకి ఎలా వచ్చాయని ప్రశ్నించింది. దీంతో ప్రొటీన్ ఉందని చెప్పడానికి కావాల్సిన ఆధారాలపై రూల్స్ టైట్ అయ్యాయి. అట్లాస్ కూడా ఒక్కో ఫలితం ఎంత నమ్మదగిందో పక్కనే గ్రేడ్ ఇస్తోంది.

మన డేటా ఎక్కడ?

అట్లాస్‌కు వాడిన కణజాలం స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి వచ్చింది. ఏ అవయవంలో ఏ ప్రొటీన్ అన్న మౌలిక లెక్క దేశాన్ని బట్టి పెద్దగా మారదు. కానీ రక్తంలో ఎంత ఉంటే నార్మల్, ఎంత దాటితే డేంజర్ అన్నది వయసు, బరువు, కిడ్నీల పనితీరును బట్టి మారుతుంది. ఇప్పుడు రేసు అటే వెళ్తోంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ 50 వేల మందికి పైగా రక్తంలో దాదాపు 3 వేల ప్రొటీన్లు కొలిచింది. 2025లో 6 లక్షల శాంపిల్స్‌కు ప్లాన్ ప్రకటించింది. అయితే అందులో ఉన్నది ఎక్కువమంది తెల్లజాతీయులే.

మన దేశం 2025 జనవరిలో 10 వేల మంది జీనోమ్ డేటాను రిసెర్చర్లకు అందుబాటులోకి తెచ్చింది. జీన్స్ లిస్ట్ మన దగ్గరుంది. ఆ జీన్స్ మనవాళ్ల శరీరంలో ఏ వయసులో, ఏ జబ్బులో ఎంత ప్రొటీన్ తయారు చేస్తున్నాయో చెప్పే లెక్క కూడా అదే స్థాయిలో రావాలి. లేదంటే రేపు వచ్చే బ్లడ్ టెస్టుల్లో నార్మల్ గీత ఎక్కడ గీయాలో బయటివాళ్ల రక్తమే నిర్ణయిస్తుంది.