ఇస్లాహ్ లేని హునర్



మా భాంజీ షాదీ రుఖా కోసం చైతన్యపురి మెట్రో దగ్గరున్న ఒక డీటీపీ దుకాణానికి పోయాను. డిజైన్ చేసే అబ్బాయి మనవాడే. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, చదువు మాత్రం తెలుగు మీడియం. స్క్రీన్ మీద బిస్మిల్లా హర్ఫులు ఒకదానికొకటి అంటకుండా విడివిడిగా, అదీ ఎడమ నుంచి కుడికి పడి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో అరబీ, ఉర్దూ సెట్టింగు లేకపోతే అట్లనే పడతాయి. చెప్పగానే వాడి మొహం చిన్నబోయింది.

"ఆరేళ్లుగా ఈ పని చేస్తున్న చాచా. ఎన్ని రుఖాలు ఇట్లనే పోయినయో!"

వాడి బాధ గిరాకీ పోతుందని కాదు. తన హునర్ మీద తనకే షక్ వచ్చింది. నా నజర్‌లో ఏ ఫన్‌కార్ అయినా ఎదగడం మొదలయ్యేది అక్కడే.

ఒకప్పుడు ఉర్దూ అఖ్బార్లలో ప్రతి లైనూ కాతిబ్ ఖలమ్‌తో రాసిందే. 1981లో నూరీ నస్తాలీఖ్, 1990లలో ఇన్‌పేజ్ వచ్చాక చాలామంది కాతిబుల రోజీ పోయింది. రోజీతోపాటు ఒక తర్బియత్ కూడా పోయింది. షాగిర్ద్ ముందు ముఫ్రదాత్, అంటే విడి హర్ఫులు దిద్దేవాడు. కొలత ఖలమ్ పెట్టే నుఖ్తాయే. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు నుఖ్తాలు. తప్పిన చోట ఉస్తాద్ సరిచేసి చూపేవాడు. తుర్కీ ఖత్తాతుల్లోనైతే ఉస్తాద్ ఇజాజత్ ఇచ్చేదాకా షాగిర్ద్ తన రాత కింద పేరు పెట్టుకునేవాడు కాదు.

షాయరీలోనూ అంతే. మన హైదరాబాద్‌లో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఉస్తాద్‌గా ఉండి, 1905లో ఇక్కడే కన్నుమూసిన దాగ్ దెహ్లవీకి యువకుడైన ఇక్బాల్ తన గజళ్లను ఖత్‌ల ద్వారా పంపి ఇస్లాహ్ తీసుకున్నాడు. అది ఆయనకు చిన్నతనం కాలేదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్ని నెలల్లో సాఫ్ట్‌వేర్ నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఆ తర్వాత ఉస్తాద్ ఉండడు. కస్టమర్ "ఓకే" అంటే అదే ఇస్లాహ్, లైకులే ఇజాజత్. తప్పు ఆ పిల్లలదేనా? "యే భీ కోయీ కామ్ హై?" అని ఇంట్లో తక్కువ చేసేది మనం. డిజైన్‌కు వంద రూపాయల దగ్గర బేరం ఆడేదీ మనమే.

ఉర్దూ రాదని ఎవర్నీ తక్కువ చేయను. తెలుగు కూడా మన జబానే. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991), ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' తెలుగులోనే కదా వచ్చాయి. కానీ ఏ జబాన్‌లో పనిచేసినా చేతి కింద ఉన్న హర్ఫు ఏంటో తెలియాలి. మెషీన్ హర్ఫులను కలుపుతుంది, నిజమే. కలవలేదని పట్టుకోవాల్సింది మాత్రం మనిషి కన్నే.

కాబట్టి బేటా, బేటీ, డిజైన్ చేసినా, ఫొటోలు తీసినా, కథ రాసినా, మీ పనిని నిర్మొహమాటంగా చూసే ఒక మనిషిని వెతుక్కోండి. ఇంకేం దొరక్కపోతే మీ మొహల్లా మక్తబ్‌లో హాఫిజ్ సాబ్‌కు ఆ బిస్మిల్లా ఒక్కసారి చూపించండి. అమ్మీ అబ్బాలూ, పిల్లలు ఎంత సంపాదించారనే కాదు, ఈ నెల కొత్తగా ఏం నేర్చారో కూడా అడగండి.

మొన్న ఇషా తర్వాత ఆ అబ్బాయి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. రూళ్ల కాగితం మీద పేజీ నిండా అలిఫ్‌లు. కింద "ఇస్లాహ్ చేయండి చాచా" అని రాశాడు. నాకు ఖత్తాతీ రాదు. తెలిసిన ఒక పాత కాతిబ్ సాబ్ దగ్గరకు ఈ జుమా తర్వాత వాణ్ణి తీసుకుపోతున్నా, ఇన్‌షా అల్లాహ్.