ఉద్దానం: డయాలసిస్ రోగులకు ఇంట్లోనే అసలు పరీక్ష

శ్రీకాకుళం: ఉద్దానం కిడ్నీ వ్యాధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా దానికి కారణమేమిటన్న ప్రశ్నే ముందుకు వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను పీడిస్తున్న ఈ వ్యాధిపై రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు సాగుతున్నా తుది సమాధానం లభించలేదు. అయితే వ్యాధి ముదిరి డయాలసిస్‌పై ఆధారపడినవారికి అంతకంటె తక్షణమైన ప్రశ్న మరొకటి ఉంది. ఒక డయాలసిస్‌కూ మరో డయాలసిస్‌కూ మధ్య ఒంట్లో చేరే నీరు గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీయకుండా కాపాడుకోవడం ఎలా?

వారానికి పన్నెండు గంటలే

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున 12 గంటలే జరుగుతుంది. మూత్రం రాని రోగి మిగిలిన సమయంలో తాగినదంతా చాలావరకు ఒంట్లోనే నిలుస్తుంది. ఒక్కసారిగా కిలో బరువు పెరిగితే దాదాపు లీటరు నీరు చేరిందని లెక్క. దీంతో రక్తపోటు పెరుగుతుంది. ఆ భారాన్ని మోసి మోసి గుండె కండరం మందమై, క్రమంగా బలహీనపడుతుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. పడుకుంటే ఊపిరాడకపోవడం, రాత్రివేళ దగ్గు, కాళ్ల వాపు దీని లక్షణాలు. వీటిని జలుబుగానో, ఉబ్బసంగానో భావించి కాలయాపన చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

చేరిన నీటినంతా ఒకేసారి తోడడమూ క్షేమం కాదు. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లకు మించరాదన్నది వైద్యులు సాధారణంగా పాటించే హద్దు. 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో ఇది 2.6 లీటర్లు. నాలుగు కిలోలు పెరిగి వచ్చినవారికి వేగంగా తీస్తే రక్తపోటు పడిపోయి గుండెకు రక్తప్రసరణ తగ్గుతుంది. తీయకుంటే నీరు మిగిలిపోతుంది. వారంలో రెండు రోజులు వరుసగా డయాలసిస్ లేని విరామం తరువాత మరణాలు, గుండె సమస్యలు ఎక్కువగా ఉన్నాయని 2011లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తేల్చింది.

ఒకే ఇంట్లో రెండు నియమాలు

ఉద్దానంలో మరో చిక్కు ఉంది. ఎండలో జీడి, కొబ్బరి తోటల్లో శ్రమించేవారు నీరు బాగా తాగాలని చెబుతారు. అది సరైన సలహాయే. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గ్రామాలకు అందించేందుకు సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టిన పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. అయితే అదే ఇంట్లో ఉన్న డయాలసిస్ రోగికి ఈ నియమం తలకిందులవుతుంది. నీరు ఎంత శుభ్రమైనదైనా కొలత తప్పితే ముప్పే. గంజి, మజ్జిగ, చారు, టీ కూడా ఆ కొలతలోకే వస్తాయి.

ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాల్లోని ఉప్పు దాహాన్ని పెంచుతుంది. ఉప్పు తగ్గించకుండా నీరు తగ్గించమనడం వృథా. చలువ చేస్తాయని ఇచ్చే కొబ్బరినీళ్లలో పొటాషియం అధికం. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి హఠాన్మరణం సంభవించవచ్చు. కొబ్బరికి పేరుపడిన సీమలో ఈ మాట ప్రతి రోగి ఇంటికీ చేరవలసి ఉంది.

యంత్రాలతోనే సరిపోదు

పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా అదే రోజు ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను మంజూరైంది. ఒకప్పుడు విశాఖ కేజీహెచ్‌కు పరుగులు తీసిన కుటుంబాలకు ఇవి పెద్ద ఊరటే. ఇక దృష్టి సారించవలసింది డయాలసిస్ లేని రోజులపైనే. ప్రతి రోగి ఇంటా బరువు తూచే యంత్రం, ఆశా కార్యకర్త పర్యవేక్షణలో రోజువారీ బరువు నమోదు, కేంద్రాల్లో ఆహార సలహాదారు, ఆయాసం వచ్చినవారికి వంతుతో నిమిత్తం లేకుండా అదనపు డయాలసిస్ ఉండాలి. విజయనగరం జిల్లా రోగులకూ ఇవే అవసరాలు. వీటికి కొత్త భవనాలు అక్కరలేదు. వ్యాధి కారణం తేలేదాకా వేచి ఉండనూ అక్కరలేదు.