తోటికోడలికి పడిన మాత్ర

“రెండో బిడ్డ పుట్టి నాలుగు నెలలయింది. మా తోటికోడలు తాను వాడే గర్భనిరోధక మాత్రలే నన్నూ వేసుకోమంటోంది. అవి మింగితే కాన్సరు వస్తుందని మా అత్తగారు అంటారు. ఎవరి మాట వినను?” అని ఒక సోదరి వ్రాసింది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచు వస్తుంటాయి. నేను డాక్టరును కాను గాని, తెలిసినంతవరకు చెబుతాను.

మాత్రలంటే భయం ఊరికే పుట్టలేదు. 1960లో అమెరికాలో గర్భనిరోధానికి అనుమతి పొందిన మొదటి మాత్ర ‘ఎనోవిడ్’లో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములుండేది. రక్తం గడ్డకట్టి కొందరు స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1970లో అక్కడి సెనేటులో విచారణ జరిగింది. అపాయాలు తెలిపే కాగితం పాకెట్టులో పెట్టాలన్న నియమం ఆ తర్వాతే వచ్చింది. ఇప్పుడు మన ప్రభుత్వ ఆస్పత్రులలో ఇచ్చే ‘మాలా-ఎన్’లో ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములే.

మోతాదు తగ్గినా అపాయం పూర్తిగా పోలేదు. మాత్ర వాడని పదివేలమందిలో ఏడాదికి 1 నుంచి 5 మందికి సిరల్లో రక్తం గడ్డకడితే, వాడేవారిలో 3 నుంచి 9 మందికి కడుతుంది. గర్భిణులలో అంతకంటె ఎక్కువే. ఇక కాన్సరు సంగతి. మాత్రలు వాడే రోజుల్లో రొమ్ము కాన్సరు భయం కొద్దిగా పెరుగుతుంది. మానేసిన కొన్నేళ్ళకు ఆ తేడా పోతుంది. అండాశయపు కాన్సరు మాత్రం తగ్గుతుంది. అత్తగారి మాటలో సగమే నిజమన్నమాట.

అసలు ప్రమాదం అరువు మాత్రలతో ఉంది. తోటికోడలికి పడింది మీకు పడాలని లేదు. పాలిచ్చే తల్లి బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఈ మాత్రలు వాడరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు, లివరు జబ్బు ఉన్నవారికీ, ఒకసారి కాలిలో రక్తం గడ్డకట్టినవారికీ, కళ్ళముందు మెరుపులు కనబడి పార్శ్వపునొప్పి వచ్చేవారికీ ఇవి తగవు. 35 దాటి చుట్టో బీడీయో తాగే స్త్రీలు వీటి జోలికి పోకూడదు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే మాత్ర సరిగా పనిచేయదు.

వాడేవారు కొన్ని గుర్తులు తెలుసుకోవాలి. ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, హఠాత్తుగా భరించరాని తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడడం—వీటిలో ఏది కనబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మాత్ర వాడుతున్న సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి. పక్కన అత్తగారున్నారనో, మామగారున్నారనో సిగ్గుపడి దాచేవారున్నారు. ఆ సిగ్గు ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ సోదరికి ఇతర మార్గాలు లేకపోలేదు. కాపర్-టి ఉంది. లక్నో పరిశోధనశాలలో కనిపెట్టిన, హార్మోను లేని ‘ఛాయా’ మాత్ర పాలిచ్చే తల్లులకూ ఇస్తారు. నిరోధ్ ఉండనే ఉంది. ఇక బిడ్డలు చాలనుకుంటే భర్తకు చేసే ఆపరేషను చాలా చిన్నది. ఈ భారమంతా ఆడదే మోయాలని ఏ వైద్యశాస్త్రంలోనూ వ్రాసిలేదు.

మందుల షాపుకు మనిషిని పంపేముందు మీరే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళండి. రక్తపుపోటు చూడడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఇద్దరు పసిబిడ్డల తల్లికి ఆ అయిదు నిమిషాలు దండుగ కావు.