మందకు ముందు మేపు

2023 ఆగస్టు వేలమున కోకాపేట నియోపోలిస్‌లోని సుమారు 45 ఎకరములు 3,300 కోట్ల రూపాయలకు పైబడి అమ్ముడుపోయి, అందొక చోట ఎకరము ధర నూరు కోట్లను దాటినప్పుడు, ఆ చుట్టుపట్ల కంచెలలోను బీళ్లలోను మేసిన గొఱ్ఱెల మందలు ఇప్పుడెక్కడ మేయుచున్నవని అడిగినవారు అరుదు.

అదే కోకాపేటలో 2017 డిసెంబరున గొల్ల కురుమల భవనములకు శంకుస్థాపన జరిగినది. ఆ యేడు జూన్‌లోనే ప్రభుత్వపు గొఱ్ఱెల పంపిణీ మొదలై, 75 శాతము రాయితీతో కాపరుల సంఘములలోని ఒక్కొక్క సభ్యునకు ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు ఇచ్చుచు వచ్చిరి. సంకల్పము మంచిదే. కాని మంద పెరిగి మేపు పెరుగనిచో క్రొత్త జీవాలును పాత బీటినే కొఱుకవలసివచ్చును గదా!

చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఊరుమ్మడి బీళ్లు మిగిలిన మేరకైనను ఈ లోపమును స్వల్పవ్యయముతో దిద్దవచ్చును. ఏడాది పొడవునా మేసిన నేలలో మంచి గడ్డి వేరు బలియక, గింజ రాల్పక నశింప, జీవాలు ముట్టని కలుపు దాని చోటు నాక్రమించును. కావున బీటిని మూడు నాలుగు భాగములు చేసి, వంతుచొప్పున ఒక్కొక్కదానిని తొలకరి మొదలు గింజ రాలువరకు మూసియుంచుటయే ప్రథమ చికిత్స. దీనికి కాసు ఖర్చు లేదు. అటుపిమ్మట అంజన్ గడ్డియు, నేలకు నత్రజనిని కూర్చు స్టైలోయు చల్లవలెను. స్టైలో గింజ పెంకు గట్టిది. మరుగుటకు ముందటి వేడినీటిలో మూడు నాలుగు నిమిషములుంచి, రాత్రంతయు చన్నీట నానవేసినగాని చక్కగా మొలవదు. అనంతపురపు మెట్టరైతులు ఈ విత్తనమును పండించి అమ్మినవారే. వాలునకు అడ్డముగా కందకములు త్రవ్వుటకు ఉపాధి హామీ కలదు. సలహా చెప్పుటకు రాజేంద్రనగరములో వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయములు కలవు.

కోకాపేట వేలపు రాబడిలో వేయింటికి ఒక్క రూపాయి తీసినను మూడు కోట్లు మించును. ఆ సొమ్మును ఈ ప్రాంతపు బీళ్లకే కేటాయింపవలెనని నా విన్నపము. ఏ భాగమును ఎప్పుడు మూయవలెనో, వలసమందలకు దారి యెటు విడువవలెనో కాపరుల సంఘములే నిర్ణయింపవలెను. వచ్చు తొలకరికి ముందే ఆ భూములను రెవెన్యూ దస్త్రములలో మేపుభూములుగా నమోదుచేసి, హద్దురాళ్లు పాతవలెను.